డ్రాకులాకి లైబ్రేరియన్ కావలెను

రాత్రి బాగా పొద్దుపోయింది. యూనివర్సిటీ లైబ్రరీలో ఒక్కొక్క దీపమే ఆరిపోతోంది. పరిశోధన చేస్తున్న కుర్రాడొకడు తన బల్ల దగ్గరికొచ్చి చూస్తే, పుస్తకాల దొంతరలో తనది కాని పుస్తకం ఒకటి ఉంది. బాగా పాతది. తోలు అట్ట. తెరిచి చూస్తే పేజీలన్నీ ఖాళీ. సరిగ్గా నడిమధ్యన మాత్రం రెండు పేజీల నిండా రెక్కలు విప్పిన డ్రాగన్ బొమ్మ. దాని గోళ్ల మధ్య ఒక పతాకం. పతాకం మీద ఒకే ఒక్క మాట, డ్రాకులా పేరు.

ఎవరో మర్చిపోయి ఉంటారులే అని పుస్తకాన్ని లైబ్రరీ వాళ్లకి అప్పగించాడు. తీరా చూస్తే మళ్లీ అతని బల్ల మీదే ఉంది!

ఇలా మొదలైన నవలని ఎవరు మాత్రం కింద పెట్టగలరు? 2005 జూన్‌లో అమెరికాలో చాలామంది పెట్టలేకపోయారు. ఎలిజబెత్ కొస్టోవా అనే కొత్త రచయిత్రి రాసిన 'ది హిస్టోరియన్' విడుదలైన వారమే న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో మొదటి మెట్టు ఎక్కి కూర్చుంది. ఒక రచయిత తొలి నవలకి మొదటి వారంలోనే ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అంతకు ముందు ప్రచురణకర్తలు ఆ రాతప్రతి కోసం పోటీలు పడి వేలం పాడారు. లిటిల్ బ్రౌన్ సంస్థ 20 లక్షల డాలర్లకి దక్కించుకుంది. అప్పటి లెక్కలో దాదాపు 9 కోట్ల రూపాయలు! సినిమా హక్కుల్ని సోనీ వాళ్లు కొన్నారు. 'డావిన్సీ కోడ్' వేడి ఇంకా తగ్గని రోజులవి. పాత కాగితాలు, రహస్య సంఘాలు, దేశదేశాల పరుగులు... వీటన్నిటికీ తోడు రక్తపిశాచి. ఇంకేం కావాలి?

కానీ, 640 పైచిలుకు పేజీలు తిప్పి పుస్తకం మూసిన వాళ్లలో చాలామంది మొహాలు ముడుచుకున్నాయి. 'ఇంతేనా?' అన్నారు. ఇంతేనా అనిపించిన మాట నిజం. అయితే అందుకు ఎక్కువమంది చెప్పే కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి.

కూతురికి నాన్న చెప్పిన కథ

ఈ నవల పుట్టుక మాత్రం ముచ్చటైనది. కొస్టోవా చిన్నతనంలో, 1972 ప్రాంతంలో, వాళ్ల నాన్న ఉద్యోగరీత్యా కుటుంబమంతా కొన్నాళ్లు యుగోస్లావియాలో ఉన్నారు. ఇప్పటి స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో కాపురం. ఆయన ప్రొఫెసర్. కొత్త ఊళ్లు చూడటానికి వెళ్లినప్పుడల్లా పిల్లలకి డ్రాకులా కథలు చెప్పేవారట. ఏళ్లు గడిచాయి. పెద్దదైన కూతురు ఒకరోజు కొండల్లో నడుస్తుంటే ఆ కథలు గుర్తొచ్చాయి. ఉన్నట్టుండి ఓ ఊహ తట్టింది. తండ్రి కూతురికి డ్రాకులా కథలు చెబుతున్నాడు సరే... ఆ కథల్ని డ్రాకులా కూడా చాటునుంచి వింటుంటే?

వెన్నులో చలి పుట్టించే ఊహ! అక్కడి నుంచి నవల పూర్తి కావడానికి పదేళ్లు పట్టింది. మధ్యలో జీవితం కూడా నడిచింది. జానపద గీతాల మీద ఇష్టంతో 1989లో, తూర్పు ఐరోపా తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న వేళ, ఆవిడ బల్గేరియా వెళ్లింది. తర్వాత భర్త అయిన వ్యక్తి పరిచయమైందీ అక్కడే. కొస్టోవా అనే ఇంటిపేరు అలా వచ్చిందే.

నవల కథ టూకీగా ఇదీ. (ముగింపు ముందే తెలిస్తే చదవలేం అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది. ఇరవై ఏళ్లు దాటిన పుస్తకం కాబట్టి దాపరికం అనవసరం.) 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండే పదహారేళ్ల అమ్మాయి తన తండ్రి పుస్తకాల గదిలో ఆ డ్రాగన్ పుస్తకాన్నీ, పాత ఉత్తరాల కట్టనీ చూస్తుంది. అమ్మాయి పేరేమిటో చివరిదాకా చెప్పరు. తల్లి లేదు. తను పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయిందని చెప్పారు. తండ్రి పాల్‌ని నిలదీస్తే ఒక్కసారిగా చెప్పడు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు గోపడికి మజిలీకో కథ చెప్పినట్టు, కూతుర్ని తీసుకెళ్లిన ప్రతి ఊళ్లోనూ కాస్త కాస్త చెబుతాడు. 1950లలో తన బల్ల మీద ఆ పుస్తకం ఎలా ప్రత్యక్షమైందీ, దాన్ని చూసి తన గురువు ప్రొఫెసర్ రోసీ ఎలా కంగుతిన్నదీ, అలాంటిదే ఆయన దగ్గరా ఎలా ఉందీ... అన్నీ. రోసీ 1930లో ఆ పుస్తకం గుట్టు వెతుక్కుంటూ ఇస్తాంబుల్ దాకా వెళ్లి, బెదిరి, వదిలేసిన మనిషి. ఆ సంగతులన్నీ శిష్యుడికి చెప్పిన రాత్రే మాయమైపోతాడు. ఆయన గదిలో మిగిలింది నెత్తుటి మరక.

గురువుని వెతుకుతూ శిష్యుడు బయల్దేరతాడు. దారిలో హెలెన్ కలుస్తుంది. ఎక్కడనుకున్నారు? లైబ్రరీలోనే! బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' చదువుకుంటూ. ఆవిడ రోసీ కూతురు. తనకో కూతురుందని ఆ తండ్రికే గుర్తులేదు. ఇద్దరూ కలిసి ఇస్తాంబుల్, బుడాపెస్ట్, బల్గేరియా తిరుగుతారు. దారిలోనే ప్రేమ.

లైబ్రరీయే ఎందుకంటే...

మొదటి రెండు వందల పేజీలూ నిజంగా బావుంటాయి. రక్తపిశాచి కథలంటే శిథిలమైన కోటలు, గబ్బిలాలు, శవపేటికలు. కొస్టోవా వాటిని పక్కనపెట్టి భయాన్ని పుస్తకాల అరల మధ్యకి తెచ్చింది. దుమ్ము వాసన, పసుపు దీపం, ఎవరో పేజీ తిప్పిన చప్పుడు. కార్డు కేటలాగులో 'డ్రాకులా' అనే కార్డు ఉన్న పెట్టె లాగగానే గుండె దడ. చదువుకున్న వాళ్లకి చదువే ప్రమాదం తెచ్చిపెట్టడం... ఈ పద్ధతి కథలకి ఇప్పటి కుర్రకారు 'డార్క్ అకడేమియా' అని పేరు పెట్టుకుంది. పాత భవనాలు, ఉన్ని కోట్లు, లాటిన్ పుస్తకాలు, వాటి వెనకాల ఏదో ఒక చావు. డోనా టార్ట్ 1992లో రాసిన 'ది సీక్రెట్ హిస్టరీ'ని ఈ బాపతుకి పెద్దక్కగా చెబుతారు. కొస్టోవా రాసేనాటికి ఆ లేబుల్ ఇంత వాడుకలో లేదు. సరుకు మాత్రం ఉంది.

నిజానికి డ్రాకులాని లైబ్రరీకి తేవడం కొత్త సంగతేం కాదు, పుట్టింటికి తేవడమే. బ్రామ్ స్టోకర్ ఐర్లండ్ మనిషి. ట్రాన్సిల్వేనియా మొహం ఎన్నడూ చూడలేదు. 1890 వేసవిలో ఇంగ్లండు తీరంలోని విట్బీ అనే ఊరికి సెలవులకి వెళ్లి, అక్కడి లైబ్రరీలో ఓ పుస్తకం తెప్పించుకున్నాడు. విలియం విల్కిన్సన్ అనే దౌత్యాధికారి వలాకియా, మోల్డేవియాల గురించి 1820లో రాసిన పుస్తకం అది. డ్రాకులా అనే పేరు స్టోకర్ నోట్సులోకి ఎక్కింది అందులోంచే. అక్కడి భాషలో ఆ మాటకి దయ్యం అని అర్థమన్న అధోజ్ఞాపిక కూడా రాసుకున్నాడు. అంతకు ముందు తన పాత్రకి అనుకున్న పేరు 'కౌంట్ వాంపైర్'. ఆ పేరే ఉండిపోయి ఉంటే 1897లో వచ్చిన ఆ నవల ఇన్నాళ్లు బతికేదో లేదో! మొత్తానికి డ్రాకులా ఓ పల్లెటూరి లైబ్రరీలో దొరికిన పేరు.

అసలు డ్రాకులా వేరే. 15వ శతాబ్దంలో వలాకియాని, అంటే ఇప్పటి రొమేనియా దక్షిణ భాగాన్ని ఏలిన మూడో వ్లాద్. తండ్రికి డ్రాగన్ పేరుతో ఉన్న వీరుల సంఘంలో సభ్యత్వం ఉండేది. దాంతో ఆయన్ని డ్రాకుల్ అన్నారు. ఆయన కొడుకు కాబట్టి ఈయన డ్రాకులా. చిన్నతనంలో ఒట్టోమన్ సుల్తాను దగ్గర బందీగా పెరిగాడు. పెద్దయ్యాక అదే ఒట్టోమన్ల మీద యుద్ధాలు చేశాడు. శత్రువుల్ని కొరత వేయించడంలో పేరుమోశాడు. 1476-77 చలికాలంలో చంపేశారు. తలని ఇస్తాంబుల్‌కి పంపారంటారు. మొండెం స్నాగొవ్ అనే చెరువు మధ్యనున్న మఠంలో ఉందని ప్రతీతి. 1933లో అక్కడ తవ్వి చూస్తే, సమాధి అనుకున్న చోట మనిషి శవం లేదు.

శవం లేని సమాధి! నవలా రచయితలకి చరిత్ర ఇంతకంటే పెద్ద కానుక ఇవ్వదు. కొస్టోవా ఆ ఖాళీలోంచే కథ అల్లింది. సన్యాసులు ఆ శవాన్ని ఎక్కడికి మోసుకెళ్లారు? ఎందుకు? ఒట్టోమన్ కాగితాలు, బల్గేరియన్ మఠాల ఉత్తరాలు, పాత జానపద పాటలు... ఒక్కో ఆధారం ఒక్కో చోట. వీటిలో ఏది నిజమో, ఏది కల్పనో తేడా తెలియకుండా కలపడంలో ఆవిడ గడుసుతనం మెచ్చుకోవలసిందే. చరిత్ర పాఠమంటే ఆవలించే పిల్లలు కూడా ఆ మూడు మ్యాపుల వెంట ఇస్తాంబుల్ దాకా నడుస్తారు.

ఆ తర్వాతే నడక మందగిస్తుంది.

అందరిదీ ఒకే గొంతు

ముందు ఉత్తరాల సంగతి. తండ్రి హఠాత్తుగా కనిపించకుండా పోతాడు. కూతురి కోసం ఉత్తరాలు వదిలి వెళతాడు. ఆ ఉత్తరాలు ఎంతున్నాయంటే, వాటిని రాసుకుంటూ కూర్చున్న టైములో ఆయన బల్గేరియా వెళ్లి తిరిగి రావచ్చు! ప్రాణాల మీదికొచ్చిన మనిషి, ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఫలానా హోటల్లో తిన్న వంకాయ కూర రుచినీ, ఫలానా కిటికీలోంచి కనిపించిన ఎండ రంగునీ ఉత్తరంలో వర్ణిస్తాడా? కథలో కథ, అందులో ఇంకో కథ... పేదరాశి పెద్దమ్మ నాటి నుంచీ ఈ పద్ధతి తెలిసినదే. తప్పేం లేదు. కానీ కథ చెప్పేవాడు మారినప్పుడు గొంతు మారాలిగా? 1930లో ఇంగ్లిష్ ప్రొఫెసరు, 1950లలో అమెరికన్ విద్యార్థి, 1970లలో పదహారేళ్ల పిల్ల... అందరూ ఒకే తీరున, ఒకే మర్యాదతో మాట్లాడతారు. పుస్తకాన్ని మధ్యలో తెరిస్తే చెబుతున్నది ఎవరో పోల్చుకోవడానికి కొటేషన్ గుర్తులు లెక్కపెట్టుకోవాలి.

రెండోది, కలిసొచ్చే అదృష్టం. ఇస్తాంబుల్‌లో హోటల్‌కెళ్లి కూర్చుంటే పక్క బల్ల మీది పెద్దమనిషి తుర్గుత్ బోరా. ఆయనకీ డ్రాకులాయే పరిశోధనాంశం. ఆయన దగ్గరా ఒక డ్రాగన్ పుస్తకం! బుడాపెస్ట్‌లో సభకెళితే అక్కడొక ఇంగ్లిషాయన. ఆయన దగ్గరా ఒక పుస్తకం! మొదటిసారి ఒళ్లు జలదరిస్తుంది. రెండోసారి కనుబొమ్మ లేస్తుంది. మూడోసారికి 'ఈయన దగ్గరా ఉండే ఉంటుందిలే' అని పాఠకుడే ముందుకు దూకుతాడు. తుర్గుత్ బోరా మాత్రం మంచి పాత్ర. భోజనప్రియుడు, మాటకారి. వచ్చినప్పుడల్లా పుస్తకానికి కాస్త రక్తం పట్టినట్టుంటుంది, పిశాచాల నవలలో ఈ మాట బావుండదేమో గానీ.

బల్గేరియా భాగంలో ఓ ఊళ్లో పండుగ జరుగుతుంది. ఆడవాళ్లు దేవతల పటాలు పట్టుకుని నిప్పుల మీద నడుస్తారు. ఇది కల్పన కాదు. ఆగ్నేయ బల్గేరియాలోని బుల్గారి అనే ఊళ్లో కాన్‌స్టాంటిన్, హెలెనా అనే సెయింట్ల పండుగనాడు ఈ ఆచారం నేటికీ ఉంది. యునెస్కో 2009లో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పీర్ల పండగకో, వీరభద్రుడి జాతరకో గుండం తొక్కడం చూసిన తెలుగువాళ్లకి ఈ పేజీలు పరాయిగా అనిపించవు. అక్కడ ఓ ముసలమ్మ పాడే పాటలో డ్రాగన్ జాడ దొరుకుతుంది. రచయిత్రి స్వయంగా తిరిగి, ఆ పాటలు విని రాసినదన్న సంగతి తెలిసిపోతూనే ఉంటుంది. ఆఖరి మూడు వందల పేజీల్లోనూ ఊపిరున్న చోటు ఇదొక్కటే అంటే అన్యాయం కావచ్చు గానీ, పెద్ద అన్యాయమేం కాదు.

పిశాచానికి ఏం కావాలి?

ఇంతకీ డ్రాకులా? ఐదు వందల పేజీలపాటు పేరే తప్ప మనిషి లేడు. అప్పుడప్పుడూ ఆయన తాలూకు అనుచరుడొకడు, అదీ ఓ లైబ్రేరియనే, తగిలి మెడ కొరికి పోతుంటాడు. చివరికి రోసీ రాసిన కాగితాల్లో దర్శనమిస్తాడు. భూగర్భంలో పెద్ద గ్రంథాలయం. ఎక్కడెక్కడివో తాళపత్రాల్లాంటి అపురూపమైన ప్రతులు. చిత్రహింసల చరిత్రకి వేరే అరలు. ఆ మధ్యలో పాతకాలపు పట్టు బట్టల్లో, ఎంతో మర్యాదగా డ్రాకులా. ఇన్ని శతాబ్దాలు ఇన్ని ఎత్తులు వేసి, ఆ ఖాళీ పుస్తకాలు అచ్చువేసి, తెలివైన పరిశోధకుల బల్లల మీద పడేసి, వాళ్లని పరీక్షించి, ప్రొఫెసరు గారిని ఎత్తుకొచ్చింది ఎందుకయ్యా అంటే... తన పుస్తకాలకి కేటలాగు తయారుచేసి పెట్టడానికి!

పాఠకులు ఘొల్లుమన్నది ఇక్కడే. డ్రాకులాకి కావలసింది లైబ్రేరియనా? పత్రికలో ప్రకటన ఇస్తే సరిపోయేదిగా అని నవ్వుకున్నవాళ్లున్నారు.

నవ్వు న్యాయమే. కానీ ఆ ఊహని అంత తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. రక్తం తాగేవాడి కంటే, మనుషులు ఒకరినొకరు ఎన్ని రకాలుగా చంపుకున్నారో శ్రద్ధగా సేకరించి, బైండు చేయించి, వరసలో పెట్టుకునేవాడు ఎక్కువ భయంకరుడు. పైగా ఆ పనికి చదువుకున్న మంచివాళ్లని వాడుకుంటాడు. విద్య అనే ఆశ చూపితే ప్రొఫెసర్లు ఎంతదూరం వస్తారో వాడికి తెలుసు. ఇది గొప్ప నవల కాగల సరుకు. మరి ఎక్కడ చెడింది? రోసీకి ఆశ పుట్టకపోవడంలో చెడింది. ఆ గ్రంథాలయం చూసి ఆయన కళ్లు మెరుస్తాయి, నిజమే. ప్రపంచంలో ఎవరూ చూడని ప్రతులు చేతిలో ఉన్నాయి, చదువుకోవడానికి అంతులేని ఆయుష్షు ఇస్తానంటున్నాడు. చరిత్రకారుడికి ఇంతకంటే పెద్ద ప్రలోభం ఉందా? ఒక్క రోజైనా, ఒక్క పూటైనా ఆయన 'సరే' అందామా అని కొట్టుమిట్టాడితే మన గుండె జారేది. అలా జరగదు. ఆయన మంచివాడు, వద్దంటాడు, బాధపడతాడు, అంతే.

ఈ విషయంలో బేతాళుడు నయం. చందమామలో దశాబ్దాల పాటు చెట్టు మీదికి ఎక్కుతూ దిగుతూ ఉన్న ఆ బేతాళుణ్నే రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు 'వాంపైర్' అన్నాడు. పుస్తకం పేరు 'విక్రమ్ అండ్ ది వాంపైర్'. ఇది ఆ బాపతు పిశాచం కాదని పండితులు ఎంత గునిసినా ఆ పేరు అలాగే ఉండిపోయింది. బేతాళుడూ చదువుకున్న పిశాచమే. కథలు చెబుతాడు, చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై పట్టుకున్న శవం జారిపోతుంది. ఎటు వెళ్లినా నష్టమే. అందుకే పాతిక సార్లు అదే చెట్టు, అదే భుజం, అదే దారి అయినా విసుగు రాదు. కొస్టోవా డ్రాకులా ఎవరినీ అలాంటి ఇరకాటంలో పెట్టడు.

తల్లి ఎక్కడ?

అయితే ఈ పుస్తకం చేసిన పెద్ద పొరపాటు లైబ్రేరియన్ ఉద్యోగం కాదు. అసలు పొరపాటు హెలెన్ విషయంలో.

హెలెన్ ఈ నవలలో అందరికంటే బతికున్న మనిషి. తండ్రి ప్రేమ ఎరగదు. ఎక్కడికెళ్లినా పరాయి దేశపు మనిషే. మాట కరుకు, నవ్వు అరుదు. పిశాచి కాటు వేసింది. ఇంకా కాట్లు పడితే తనూ పిశాచమే. అలాంటి అమ్మాయి మెల్లమెల్లగా పాల్‌ని నమ్మడం, ప్రేమించడం చూస్తుంటే బావుంటుంది. పెళ్లయింది. అమెరికా వెళ్లారు. కూతురు పుట్టింది. ఆ తర్వాత, పైరెనీస్ కొండల్లో ఓ పాత మఠం చూడటానికి వెళ్లినప్పుడు, చంటిపిల్లనీ భర్తనీ వదిలి కొండ అంచు నుంచి మాయమైపోయింది. చనిపోయిందనే అనుకున్నారు. నిజానికి బతికే ఉంది. తనలో ఆ పిశాచి విషం ఉందనీ, ఏనాటికైనా తన బిడ్డకి తన వల్లే ముప్పనీ భయపడింది. డ్రాకులాని చంపాకే తిరిగి వస్తానని, ఏళ్ల తరబడి ఒంటరిగా ఊళ్లు పట్టుకు తిరిగింది. తిరిగిన ఊళ్ల నుంచి కూతురికి పోస్టుకార్డులు రాసింది. రాసి, పోస్టు చేయకుండా దాచుకుంది.

ఆ కార్డులు నవలలో అక్కడక్కడా వస్తాయి. ఒక్కోటీ నాలుగు మాటలే. చదువుతుంటే గొంతు పట్టుకుంటుంది. నా చిట్టితల్లికి ఇవాళ ఎన్ని నెలలు, నడక వచ్చిందో లేదో... ఇదే వాటి తీరు. ఒట్టోమన్ పన్నుల లెక్కల కోసం ముప్ఫై పేజీలు ఇచ్చిన పుస్తకంలో ఈ తల్లికి దక్కినవి పోస్టుకార్డులే!

అది కూడా క్షమించవచ్చు, ఆఖర్లో కలిసినప్పుడు బాకీ తీరిస్తే. తండ్రి వెంట వెతుక్కుంటూ కూతురు అదే మఠానికి చేరుతుంది. తోడు బార్లీ అనే ఆక్స్‌ఫర్డ్ కుర్రాడు. నేలమాళిగలో డ్రాకులా ఎదురవుతాడు. ఎక్కడి నుంచో హెలెన్ వస్తుంది, వెండి తూటా పేలుస్తుంది, డ్రాకులా మట్టి అయిపోతాడు. ఇన్ని వందల పేజీల ఎదురుచూపుకి ఆ కాస్త సేపే. సరే, అది పిశాచి సంగతి. పోనీ అనుకుందాం. ఆ తర్వాత? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లిని చూస్తున్న పదిహేడేళ్ల పిల్ల. చనిపోయిందనుకుని ఇన్నేళ్లు తిథులు లెక్కపెట్టుకున్న భర్త. వాళ్లు ఏం మాట్లాడుకున్నారు? ఎందుకు వదిలేశావమ్మా అని ఆ పిల్ల ఒక్కసారైనా అడిగిందా? రాని ఉత్తరాల కోసం కోపం రాలేదా? ఎవరో రెండు మూడు వాక్యాల్లో సర్దేశారు. ఓ గట్టి కౌగిలి, కాసిని కన్నీళ్లు, తర్వాత కొన్నేళ్లు కలిసి బతికారన్న కబురు. అంతే.

డ్రాకులా శవం ఎక్కడుందన్నది వెతుకులాట అనుకుని పుస్తకం చివరిదాకా పరిగెత్తింది. పాఠకుడు మాత్రం మొదటి నుంచీ ఆ ఇంట్లో తల్లి ఫొటో ఉండాల్సిన ఖాళీ గోడనే చూస్తున్నాడు. నిరాశ అక్కడ పుట్టింది. కేటలాగు మీద కోపం దానికి పెట్టుకున్న పేరు.

విచిత్రం ఏమిటంటే, అదే 2005 అక్టోబరులో అదే లిటిల్ బ్రౌన్ సంస్థ పిల్లల విభాగం నుంచి ఇంకో రక్తపిశాచి నవల వచ్చింది. స్టెఫనీ మేయర్ రాసిన 'ట్విలైట్'. అందులో చరిత్ర లేదు, మ్యాపుల్లేవు, లాటిన్ లేదు. భాష కూడా అంతంత మాత్రమే. హైస్కూలు పిల్ల, అందగాడైన పిశాచి, వాళ్లిద్దరి మధ్య తడబాటు. పండితులు పెదవి విరిచారు. కానీ ఆ అమ్మాయికి ఏం కావాలో మొదటి పేజీల నుంచే తెలుస్తుంది, దాని చుట్టూనే కథ తిరుగుతుంది. ఆ సీరీస్ 10 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. ఆ తర్వాత 2011లో డెబొరా హార్క్‌నెస్ అనే నిజమైన చరిత్ర ప్రొఫెసరు 'ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్' రాసింది. ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీ, మాయమైన తాళపత్రం లాంటి ప్రతి, పదిహేను వందల ఏళ్ల పిశాచి ప్రేమికుడు. అక్కడా పేజీలు ఎక్కువే, టీలు తాగడమూ ఎక్కువే. టీవీ సీరియల్ కూడా అయింది. 'ది హిస్టోరియన్' మాత్రం హక్కులు అమ్ముడై ఇన్నేళ్లయినా వెండితెర ఎక్కలేదు. ఉత్తరాలు చదువుతూ కూర్చున్న మనుషుల్ని తెర మీద ఎంతసేపని చూపిస్తారు?

మరి చదవొచ్చా? చదవొచ్చు. టీనేజీ పిల్లలున్న ఇంట్లో అయినా బల్ల మీద నిశ్చింతగా వదిలేయొచ్చు. నెత్తురు పెద్దగా పారదు, అసభ్యత లేదు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు ఇస్తాంబుల్ దాకా ఒక్క బిగిన చదివి, తర్వాత తీరిగ్గా బల్గేరియాలో దిగితే మంచిది. మధ్యలో పేజీలు దాటేస్తే ఎవరూ జరిమానా వేయరు. సెలవుల్లో రైలు ప్రయాణానికి సరిపోయే లావు.

చదివేటప్పుడు ఒక్కచోట కాస్త ఆగాలి. మొదటి వందపేజీల్లో తండ్రీకూతుళ్లు ఏదో ఊరి హోటలు బయట కుర్చీల్లో కూర్చుంటారు. చలి మొదలవుతుంటుంది. తండ్రి మాట మధ్యలో ఆపి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. 'మిగతాది తర్వాత చెబుతాను' అన్నట్టు లేచిపోతాడు. ఏమీ జరగదు. ఎవరూ రారు. అయినా చదివేవాళ్లు కూడా ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు. చాటునుంచి వినే డ్రాకులా ఆ పేజీల్లోనే ఉన్నాడు. ఆ కథలు మొదట చెప్పినందుకు కొస్టోవా ఈ నవలని అంకితం ఇచ్చింది కూడా వాళ్ల నాన్నకే.